మాత్రకూ మాత్రకూ మధ్య: అవయవ మార్పిడిలో నర్సు పని

వేదిక మీది పెద్దలకు, నర్సింగ్ కళాశాలల అధ్యాపకులకు, రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకుని ఇక్కడికి వచ్చిన సిస్టర్లకు, బ్రదర్లకు నమస్కారం.

2025 జనవరిలో ఒక రాత్రి హైదరాబాద్ మెట్రో రైలులో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఒక గుండెను తీసుకెళ్లారు. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. ఆ వీడియో మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటుంది. నాకూ పదిమంది పంపారు. చూసి సంతోషించాను, కానీ అలవాటు కొద్దీ నా ఆలోచన రైలు వెనక్కి పోయింది. ఏ గుండె అయినా ఐసు పెట్టెలోకి చేరేముందు చాలా గంటలపాటు ఒక ఐసీయూ మంచం మీద ఎవరో ఒక నర్సు సంరక్షణలో ఉంటుంది. ఆ గంటలను ఎవరూ వీడియో తీయరు. అయితే గత కొన్నేళ్లుగా పరిశోధకులు వాటిని కొలవడం మొదలుపెట్టారు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ కొలతల గురించి, ఆ కొలతల వల్ల మన ఉద్యోగంలో రావలసిన మార్పుల గురించి.

దాత మంచం దగ్గర మొదలుపెడతాను. మెదడు కాండం చనిపోయిందని నిర్ధారించడానికి మన చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం పరీక్షించాలి, ఆ పరీక్షలు రెండుసార్లు జరగాలి, రెండింటి మధ్య కనీసం 6 గంటల ఎడం ఉండాలి. బయటివాళ్లకు ఆ 6 గంటలు ఎదురుచూపుగా కనిపిస్తాయి, మనకు మాత్రం అవి ఊపిరి సలపని గంటలు. మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ మెదడు నుంచి ఆగిపోగానే మూత్రం ధారగా వస్తుంది, యూరో బ్యాగు నిండుతుంటే సోడియం పెరిగిపోతుంది, రక్తపోటు జారిపోతుంది, శరీరం తన వేడిని తాను నిలుపుకోలేక చల్లబడుతుంది. గంటగంటకూ మూత్రం కొలిచి రాసేది, చల్లబడ్డ పాదాన్ని తాకి దుప్పటి సర్దేది, గొంతులో స్రావాలు తీసేది, కార్నియా పాడవకుండా కళ్లు మూసి తడి గాజుగుడ్డ పెట్టేది నర్సే. 

ఈ విషయంలో మనం నేర్చుకున్న పాఠాలను కూడా పరిశోధన తిరగరాస్తోంది. దాతకు థైరాయిడ్ హార్మోన్ ఎక్కిస్తే గుండె నిలుస్తుందని దశాబ్దాలుగా అనేక దేశాల్లో నమ్మారు, నేనూ క్లాసుల్లో చెప్పాను. అమెరికాలో 838 మంది దాతలపై జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో లీవోథైరాక్సిన్ ఎక్కించిన బృందంలో 54.9 శాతం గుండెలు, సెలైన్ మాత్రమే ఎక్కించిన బృందంలో 53.2 శాతం గుండెలు మార్పిడికి ఉపయోగపడ్డాయి. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పైగా హార్మోన్ ఇచ్చినవాళ్లలో రక్తపోటు విపరీతంగా పెరగడం, గుండె వేగం హెచ్చడం ఎక్కువగా కనిపించాయి. శరీర ఉష్ణోగ్రత కథ ఇంకా మలుపులు తిరిగింది. దాత ఒంటిని 34, 35 డిగ్రీల దగ్గర కాస్త చల్లగా ఉంచితే, అమర్చిన కిడ్నీ వెంటనే పనిచేయక మొదటి వారంలో డయాలసిస్ చేయాల్సిన పరిస్థితి 39 శాతం నుంచి 28 శాతానికి తగ్గిందని 2015లో తేలింది. కానీ 2023లో అదే పరిశోధకులు ఒంటిని చల్లబరచడం కంటే తీసిన కిడ్నీని యంత్రంలో పెట్టి ద్రవం ప్రవహింపజేయడమే మేలని చూపించారు. మనకు అన్నిచోట్లా ఆ యంత్రాలు లేవు కదా అని మీరు అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పేది ఒక్కటే. పదేళ్ల కిందట రాసుకున్న నోట్సు పట్టుకుని కొత్తగా చేరిన అమ్మాయికి నేర్పించడం ఈ విభాగంలో ఇక చెల్లదు.

దాత మంచం పక్కన ఇంకొకరు ఉంటారు. దాత భార్య, తండ్రి, అన్న, ఎవరో ఒకరు. మన పత్రికలు బ్రెయిన్ డెడ్ అయినవాళ్లను 'జీవన్మృతుడు' అని రాస్తాయి. చక్కని సమాసమే, కాదనను. కానీ ఆ మాటలో ముందు వినిపించేది 'జీవం'. ఒక తల్లికి ఆ మాట చెప్పి చూడండి, ఆమె చెవికి చేరేది 'ఇంకా బతికే ఉన్నాడు' అన్నదే. దాని మీద మనం 'వెంటిలేటర్ తీసేస్తే చనిపోతాడమ్మా' అని మరో పొరపాటు చేస్తాం. తీసేస్తే చనిపోతాడంటే ఇప్పుడు చనిపోలేదనే కదా అర్థం! 'చనిపోయాడు, యంత్రం గాలి నింపుతోంది కాబట్టి గుండె కొట్టుకుంటోంది' అని చెప్పడానికి నోరు రాదు, కానీ ఆ వాక్యమే చెప్పాలి. చెప్పాక ఆగాలి. మరణవార్తకూ అవయవదానం ప్రస్తావనకూ మధ్య ఎడం ఉండాలని, మొదటి మాట కుటుంబానికి అర్థమైందని తెలిశాకే రెండో మాట ఎత్తాలని 1990ల నుంచీ అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ఆ ఎడం ఎంతసేపన్నది గడియారం చూసి తెలుసుకునేది కాదు. 'బాడీ ఎప్పుడిస్తారు?' అని వాళ్లు అడిగినప్పుడు తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో 'వచ్చే జన్మలో కళ్లు లేకుండా పుడతాడా?' అని కూడా అడుగుతారు. నవ్వకూడదు, వాదించకూడదు. ఆ ప్రశ్న అడిగినవాళ్లు అప్పటికే మరణాన్ని ఒప్పుకున్నారు.

ఈ సంభాషణను నర్సింగ్‌లో ప్రత్యేక వృత్తిగా నిలబెట్టిన దేశం బ్రిటన్. 2008లో అక్కడి టాస్క్‌ఫోర్స్ ఆసుపత్రుల్లో అవయవదాన స్పెషలిస్టు నర్సుల వ్యవస్థను బలపరచమనీ, 5 ఏళ్లలో మరణానంతర దాతల సంఖ్య 50 శాతం పెరగాలనీ సిఫారసు చేసింది. 2013 నాటికి ఆ లక్ష్యం నెరవేరింది. ఆ పెరుగుదల నర్సుల వల్లే వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది, చాలా మార్పులు కలిసి జరిగాయి. కానీ శిక్షణ పొందిన నర్సు ఆ గదిలో ఉన్నప్పుడు కుటుంబాలు ఒప్పుకునే శాతం బాగా ఎక్కువని అక్కడి లెక్కలు ఏటా చూపుతున్నాయి. మన దగ్గరా ఇది సాధ్యమేననడానికి దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా 2013లో మొదలైన అవయవదాన పథకం జీవన్‌దాన్ వల్ల 2024లో తెలంగాణలో ప్రతి 10 లక్షల జనాభాకు 4.88 మంది మరణానంతర దాతలు నమోదయ్యారు. దేశ సగటు 0.8.

ఇక దాతను వదిలి, అవయవం అందుకున్నవాళ్ల దగ్గరికి వస్తాను. కిడ్నీ మార్పిడి జరిగిన మొదటి రాత్రి మీ చేతిలో ఉండేవి రెండు: యూరో బ్యాగు, డ్రిప్పు సీసా. ఎంత మూత్రం వస్తే అంత ద్రవం ఎక్కిస్తూ పోతాం. ఏ సీసా ఎక్కిస్తున్నామన్నది చాలాకాలం పెద్ద ప్రశ్న కాలేదు. మామూలు సెలైన్ అంటే అందరికీ ధైర్యం, ఎందుకంటే అందులో పొటాషియం లేదు, కిడ్నీ రోగికి పొటాషియం అంటే భయం. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బెస్ట్ ఫ్లూయిడ్స్ అధ్యయనం ఆ ధైర్యాన్ని ప్రశ్నించింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో మరణించిన దాతల నుంచి కిడ్నీ పొందిన 808 మందిలో సగంమందికి సెలైన్, సగంమందికి రక్తంలోని లవణాల పాళ్లకు దగ్గరగా ఉండే ప్లాస్మాలైట్ ద్రవం ఎక్కించారు. డయాలసిస్ అవసరమైనవాళ్లు సెలైన్ బృందంలో 40 శాతం, రెండో బృందంలో 30 శాతం. సెలైన్‌లో క్లోరైడ్ ఎక్కువ కావడం వల్ల రక్తంలో ఆమ్లగుణం పెరుగుతుంది, ఆమ్లం పెరిగితే కణాల్లోని పొటాషియం బయటకు వస్తుంది. అంటే భయపడి దూరం పెట్టినదాన్నే మరో దారిలో లోపలికి పిలిచామన్నమాట. డాక్టరుగారు రాసిన సీసానే మీరు ఎక్కిస్తారు, నిజమే. అయినా ఉదయం రౌండ్లలో 'సార్, ఈ పేషెంటుకు సెలైనే కొనసాగించమంటారా?' అని అడగడానికి ఈ అధ్యయనం గురించి తెలిసి ఉండటం చాలు.

మొదటి రాత్రి గడిచి, కుట్లు విప్పి, పేషెంటు ఇంటికి వెళ్లాక అసలు కథ మొదలవుతుంది. ఆ కథ పేరు ట్యాక్రోలిమస్. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికిన ఈ మందు లేకుండా ఇవాళ అవయవ మార్పిడిని ఊహించలేం. 12 గంటలకొకసారి వేసుకోవాలి. రక్తంలో తగ్గితే రిజెక్షన్, అంటే శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది, పెరిగితే కాపాడవలసిన కిడ్నీకే విషం. ఆ రెండింటి మధ్య ఉన్న గట్టు చాలా ఇరుకు. 

నా సర్వీసులో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. దూరపు పల్లె నుంచి ఒక పెద్దాయన ప్రతి నెలా పరీక్షకు వచ్చేవారు. తెల్లవారుజామున బస్సెక్కి 9 గంటలకు మా దగ్గర ఉండేవారు. ఒక నెల ఆయన రక్తంలో మందు చాలా ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది, మోతాదు తగ్గించారు. తర్వాతి నెలకు, కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగింది. అప్పుడు కూర్చోబెట్టి అడిగితే ఆయన ఆశ్చర్యంగా చూశారు. 'అమ్మా, 7 గంటలకల్లా వేసుకోమని మీరే చెప్పారు కదా, బస్సులోనే వేసుకున్నాను' అన్నారు. మాత్ర వేసుకోబోయే ముందు రక్తంలో ఎంత మిగిలిందో చూడటానికి చేసే పరీక్ష అది. మాత్ర వేసుకున్న రెండు గంటలకు రక్తం తీస్తే అంకె ఎక్కువగానే వస్తుంది. ఆయన తప్పేమీ లేదు, నేను చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. పరీక్ష రోజు మాత్ర జేబులో పెట్టుకుని రమ్మని, రక్తం ఇచ్చాక వేసుకోమని చెప్పవలసిన మాట నేను చెప్పలేదు. రక్తం తీసిన సిస్టరూ అడగలేదు, ల్యాబు చీటీలో ఆ గడే లేదు.

మందులు క్రమంగా వేసుకోవడం గురించి అందరికంటే లోతుగా పనిచేసినవాళ్లలో సబీనా డి గీస్ట్ ఒకరు. ఆమె వైద్యురాలు కాదు, నర్సింగ్ ఆచార్యురాలు, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనూ బెల్జియంలోని ల్యూవెన్‌లోనూ పనిచేశారు. అప్పుడప్పుడూ ఒక మోతాదు తప్పడం వంటి చిన్న జారుబాట్లు కూడా ఆలస్యంగా వచ్చే రిజెక్షన్లతో ముడిపడి ఉన్నాయని ఆమె బృందం 1990ల మధ్యలోనే చూపింది. 2007లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం మందులు సరిగా వేసుకోకపోవడం కిడ్నీ పొందినవాళ్లలో ఏడాదికి ప్రతి 100 మందిలో 36 వరకు ఉండగా, ఇతర అవయవాలు పొందినవాళ్లలో 7 నుంచి 15 మాత్రమే. కిడ్నీ పోయినా డయాలసిస్ ఉందిలే అన్న ధీమా ఒక కారణం కావచ్చని నా అనుకోలు.

బాసెల్ బృందం తయారుచేసిన ప్రశ్నావళిలో నన్ను ఆకట్టుకున్నది దాని అడిగే తీరు. మనం ఓపీలో ఎలా అడుగుతాం? 'మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?' అంటాం. 'ఆఁ, వేసుకుంటున్నానమ్మా' అంటారు. చార్టులో టిక్కు పడుతుంది, పని అయిపోతుంది. ఆ ప్రశ్నకు మరో జవాబు ఉండదు, ఎందుకంటే అది ప్రశ్న వేషంలో ఉన్న గద్దింపు. వాళ్ల ప్రశ్నలు గత 4 వారాలకే పరిమితం: ఒక మోతాదు తప్పిందా, వరుసగా రెండు తప్పాయా, రెండు గంటలకు మించి వేళ తప్పిందా, మీ అంతట మీరు తగ్గించుకున్నారా? దీన్ని మన మాటలోకి తెచ్చుకుంటే, 'పెళ్లిళ్లు, ప్రయాణాలు, ఒక్కపొద్దులు అన్నప్పుడు చాలామందికి ఒకటీ అరా తప్పుతుంటుంది, మీకు ఈ నెల్లో ఎన్నిసార్లు తప్పింది?' అని అడగవచ్చు. ఇలా అడగడం మొదలుపెట్టాక నాకు తెలిసిన విషయాలు అంతకుముందు పదేళ్లలో తెలియలేదు. ఉపవాసం రోజు నీళ్లతో మాత్ర వేసుకోవచ్చో లేదో తెలియక మానేసినవాళ్లు, నెలాఖరుకు డబ్బు చాలక రెండుపూటల మందును ఒకపూటకు దించినవాళ్లు, మందుల షాపులో వేరే కంపెనీది ఇస్తే అడగకుండా తెచ్చుకున్నవాళ్లు అందరూ అందులోనే బయటపడ్డారు. సంక్రాంతి రోజుల్లో పంపర పనస తిని మందు పెరిగినవాళ్లు ఉంటారు, టీబీ మందు రిఫాంపిసిన్ మొదలుపెట్టి ట్రాన్స్‌ప్లాంట్ విభాగానికి చెప్పకపోవడంతో మందు పడిపోయినవాళ్లు ఉంటారు. విరేచనాలు పట్టుకుంటే మందు ఒంటికి పట్టదని మనం అనుకుంటాం, ట్యాక్రోలిమస్ విషయంలో తరచుగా జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం, రక్తంలో పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఫోన్లో తప్పు సలహా ఇచ్చిన డ్యూటీ నర్సులను నేను చూశాను.

అడగడం ఒక్కటే సరిపోతుందా అంటే సరిపోదు. కెనడా, అమెరికాల్లోని 8 కేంద్రాల్లో 11 నుంచి 24 ఏళ్ల వయసు కిడ్నీ గ్రహీతలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో అందరికీ ఎలక్ట్రానిక్ మాత్రల పెట్టె ఇచ్చారు, ఒక బృందానికి మాత్రం గుర్తుచేసే సందేశాలు, మూడు నెలలకొకసారి కూర్చుని మాట్లాడే శిక్షకుడు కూడా తోడయ్యారు. ఏ రోజు చూసినా మాత్రలన్నీ వేసుకున్నవాళ్లు ఆ బృందంలో 78 శాతం, మామూలు బృందంలో 68 శాతం. పెట్టె ఖరీదైనదే కావచ్చు, కానీ ఆ మూడింటిలో కూర్చుని మాట్లాడే మనిషిని మాత్రం విదేశాల నుంచి దిగుమతి చేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. మన దేశంలో మార్పిళ్లు 2013లో 4,990 ఉంటే 2023 నాటికి 18,378కి పెరిగాయి. వీటిలో అత్యధికం బతికున్న దాతలవే, ఆ దాతల్లో ఎక్కువమంది స్త్రీలు. మరి అందుకున్నది ఎవరు? 1995 నుంచి 2021 వరకు జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో దగ్గరున్న లెక్కల ప్రకారం 36,640 మార్పిళ్లలో 29,695 మగవాళ్లకు, 6,945 ఆడవాళ్లకు జరిగాయి. ఇచ్చే చేయి ఒకరిది, పుచ్చుకునే చేయి ఇంకొకరిది. 2014 అవయవ మార్పిడి నిబంధనలు దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని గ్రహీత కాని మరొకరి ద్వారా నిర్ధారించుకోవాలనీ చెబుతున్నాయి. కాగితం మీద అది ఒక సంతకం. వార్డులో అది ఒక తలుపు వేయడం. 'రామ్మా, బరువు చూడాలి' అని ఆమెను ఒక్కదాన్నీ లోపలికి పిలిచి, అత్తగారినీ భర్తనూ బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, బరువు చూశాక కుర్చీలో కూర్చోబెట్టి అడగాలి. ఇష్టం లేదని చెబితే ఆ కారణం బయటకు పొక్కకుండా 'వైద్యపరంగా దాతగా పనికిరాదు' అని మాత్రమే చెప్పే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, మనమూ పాటించవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న దాతకు ఒక నిజం కూడా చెప్పాలి. కెనడాలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో కిడ్నీ ఇచ్చిన స్త్రీలలో గర్భం సమయంలో రక్తపోటు సమస్యలు 11 శాతం, ఇవ్వనివాళ్లలో 5 శాతం కనిపించాయి. ఎక్కువమందికి కాన్పు క్షేమంగానే జరిగింది, భయపెట్టనక్కర్లేదు, కానీ దాచకూడదు. దాత ఇంటికి వెళ్లాక ఆమె రక్తపోటు ఎవరు చూస్తున్నారు? భర్త ఫైలు లావుగా ఉంటుంది, ఆమెకు ఫైలే ఉండదు.

ఇదంతా చేయడానికి నేర్పు కావాలి, ఆ నేర్పుకు గుర్తింపు కావాలి. అమెరికాలో 1992లో అవయవ మార్పిడి నర్సుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది, ఈ విభాగంలో పనిచేసే నర్సులకు ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష ఉంది, నర్సు ఏం తెలిసి ఉండాలో చెప్పే ప్రమాణాల పుస్తకం ఉంది. మన దగ్గర 2014 నిబంధనలు ప్రతి మార్పిడి ఆసుపత్రిలోనూ కోఆర్డినేటర్ ఉండాలన్నాయి, ఆ పోస్టుకు నర్సులు అర్హులు. మోహన్ ఫౌండేషన్ వంటి సంస్థలు కోఆర్డినేటర్లకు శిక్షణ ఇస్తున్నాయి. నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సును ప్రవేశపెట్టింది, 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. తలుపులు తెరుచుకుంటున్నాయన్నది నిజం. కానీ కోఆర్డినేటర్ ఒకరు. 24 గంటలూ మంచం పక్కన ఉండే స్టాఫ్ నర్సుకు ఏ గుర్తింపూ లేదు. నేను పనిచేసిన ఒకచోట రెండేళ్లు కష్టపడి ట్యాక్రోలిమస్ చార్టు కళ్లు మూసుకుని చదవగలిగేలా తీర్చిదిద్దిన ముగ్గురు అమ్మాయిలను ఒకే రొటేషన్‌లో ఎముకల వార్డుకూ, ఓపీకీ మార్చేశారు. వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లు చురుకైనవాళ్లే, కానీ మళ్లీ ఒకటో పేజీ నుంచి మొదలు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు విదేశాల్లో ఉన్నారు, అక్కడ అదే పని చేస్తున్నారు, అక్కడ దానికి ఒక హోదా ఉంది. నేను వాళ్లను తప్పుపట్టను.

మన రాష్ట్రాల్లో నర్సులు చేయదగిన పరిశోధన ఎంతో ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ దాకా వచ్చినవాళ్లలో ఎంతమందికి మార్పిడి గురించి అసలు ఎవరైనా చెప్పారు? ఉపవాసాలు, ఎండాకాలపు నీరసం, పొలం పనులు మందుల వేళలను ఎలా తప్పిస్తున్నాయి? బాసెల్ ప్రశ్నావళికి చక్కని తెలుగు రూపం తయారుచేసి, మన పల్లెల మాటలో పరీక్షించి చూస్తే ఎలా ఉంటుంది? వీటికి ప్రయోగశాల అక్కర్లేదు. ఎంఎస్సీ నర్సింగ్ విద్యార్థులు ఏటా ఒకే తరహా 'అవగాహన, వైఖరి' ప్రశ్నాపత్రాలు పంచి థీసిస్ రాసేబదులు వీటిలో ఒక్కటి తీసుకోవచ్చని ఇక్కడున్న అధ్యాపకులను వేడుకుంటున్నాను. ఈ మాట కొందరికి కటువుగా తగిలితే క్షమించండి, అలాంటి థీసిస్‌లకు నేనూ గైడుగా ఉన్నాను.

బస్సులో మాత్ర వేసుకున్న పెద్దాయన సంగతి తర్వాత ఏమైందని టీ విరామంలో ఎవరైనా అడుగుతారని తెలుసు, ఇప్పుడే చెప్పేస్తాను. మోతాదు సరిచేశారు, క్రియాటినిన్ మెల్లగా దిగింది. ల్యాబు చీటీ మార్చడానికి ఉత్తరం రాస్తే ఫారాల కమిటీ ముందు పెట్టాలన్నారు. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఎవరికీ తెలియదు. మా హెడ్ నర్సు బజారుకు వెళ్లి ఒక రబ్బరు స్టాంపు చేయించుకొచ్చారు. అందులో రెండే వరుసలు: 'చివరి మాత్ర వేసుకున్న సమయం', 'రక్తం తీసిన సమయం'. ప్రతి చీటీ వెనుక ఆ ముద్ర వేసి, పేషెంటును అడిగి, రెండు అంకెలూ రాశాకే సిరంజి తీసేవాళ్లం. మొదటి వారంలోనే మరో నలుగురు బస్సులో వేసుకుని వచ్చినవాళ్లు దొరికారు.